గేటు బనీను

ఆ వరసలో ఇరుక్కున్న బండ్లన్నిటిలో, ఈ గేటు తెరుచుకోకూడదు దేవుడా అని మొక్కుకుంటున్న మనిషి ఇఫ్తిఖార్ ఒక్కతే. ముందున్న రాళ్ళ లారీవాడు ఆపకుండా హారన్ కొడుతున్నాడు, వెనక కారులో పెళ్ళికి పోతున్న ఆడవాళ్ళు అద్దాలు దించి మరీ శాపనార్థాలు పెడుతున్నారు, తన వెనక సీట్లో కూర్చున్న, మక్కా వెళ్ళొచ్చిన ముసలి హజ్జా జపమాల తిప్పుతూ తెరిపించు తండ్రీ తెరిపించు అని గొణుగుతోంది, ఈమె మాత్రం ఒళ్లో కునాఫా మిఠాయి పళ్ళెం పెట్టుకుని, పెదవి కదపకుండా, మూసే ఉంచు, ఇవాళ ఒక్కరోజుకి మూసే ఉంచు అనుకుంటోంది. బుద్ధెరిగాక ఇలాంటి మొక్కు మొక్కలేదు. సైనికులు రోడ్డుకి అడ్డంగా పెట్టిన ఈ పసుపురంగు ఇనప గేటు ముందు మొక్కినవన్నీ తెరవమనే మొక్కులే. కొడుకు రమ్జీ కడుపులో అడ్డం తిరిగినప్పుడు తెరవమంది, తన తండ్రి శవాన్ని అవతల ఉంచి ఆమె కోసం ఎదురుచూస్తున్నప్పుడు తెరవమంది, అప్పుడు తెరవలేదు, ఆమె వెళ్ళేసరికి మట్టి వేసేశారు. ఇవాళ మూయమంటోంది. పైవాడికి కూడా విసుగొచ్చి ఉంటుంది, ఈ జనం ఒక మాట మీద నిలబడరని.

పక్కన స్టీరింగు మీద వేళ్ళతో దరువేస్తున్నాడు మొగుడు ముఫీద్. మెడ దగ్గర ఇంకా మడత పోని లేతనీలం చొక్కా, నున్నగా గీసిన గడ్డం, చెవుల వెనక అత్తరు. నబ్లూస్ నుంచి రమల్లాకి ఈ పసుపు టాక్సీ బండి తోలీ తోలీ అతని వీపు సీటు ఆకారంలోకి వచ్చేసింది. సినిమా చూడ్డానికి పోతూ కూడా సీట్లు ఖాళీగా పోనిచ్చే రకం కాదు, స్టాండులో కేకేసి హజ్జానీ, ఒక మందులషాపాయన్నీ ఎక్కించుకున్నాడు. ఎక్కించుకున్నవాడు ఊరుకున్నాడా, ఊరి పొలిమేర దాటకముందే చెప్పేశాడు, ఇవాళ రమల్లాలో వేసే సినిమాలో నేనున్నాను హజ్జా, బట్టలు మా ఆవిడ కుట్టినవి, మొహం నాది. స్టాండులో డ్రైవర్లంతా జుహ్దీ బండిలో పొద్దున్నే గేటు దాటి వెళ్ళిపోయారు, ముందు వరసలో కూర్చుంటారట, ముఫీద్ కనబడగానే ఈలలు వేస్తారట. అతని లెక్కలో తను కనబడేది కొండమలుపులో బండి తోలుకుంటూ వచ్చే సీనులో. అద్దంలోంచి చెయ్యి బయటికి పెట్టి, సిగరెట్టుతో, దర్జాగా. ఆ సీను ఇప్పుడు సినిమాలో లేదు. సినిమా తీసిన పిల్ల లమీస్ దాన్ని కోసి పారేసింది. ఉంచింది వేరేది. ఆ వేరేది ఏమిటో బండిలో ఇఫ్తిఖార్ కి మాత్రమే తెలుసు, తెర మీద పడ్డాక రమల్లా అంతటికీ తెలుస్తుంది, ఈలలు వేయడానికి వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది, ఇతనికి తెలుస్తుంది.

"ఏమే, మాటా పలుకూ లేదు? నువ్వేమన్నా తెర మీదికెక్కుతున్నావా, భయపడ్డానికి?"

"కునాఫా చల్లారిపోతోంది."

"చల్లారితే ఏం? ఆ పిల్ల మన చేత్తో రాయి పెట్టినా తింటుంది."

వెనక నుంచి హజ్జా అందుకుంది. "చల్లారిన కునాఫా తినడం కంటే రాయి తినడమే మేలు నాయనా."

అందరూ నవ్వారు. ఇఫ్తిఖార్ కూడా నవ్వింది. పాకం పళ్ళేనికి చుట్టిన కాయితంలోంచి కారి ఆమె నల్లగౌను మీద బొట్లుగా పడుతోంది, ఆమె తుడుచుకోవడం లేదు. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు బీరువా తలుపు చాటున ముఫీద్ చొక్కా తొడుక్కుంటూంటే చూసింది, లోపల తెల్లటి గేటు బనీను. నబ్లూస్ లో మగవాడున్న ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది. పండక్కి కొన్న బనీన్లలో మంచిది ఒకటి పక్కన పెడతారు, పెళ్ళికి కాదు, చావుకి కాదు, గేటుకి. ఊళ్ళో తిరిగే రోజుల్లో చిరుగుదైనా, చెమటకి పసుపెక్కినదైనా నడిచిపోతుంది, లోపలిది ఎవడు చూడొచ్చాడు. అవతలికి పోయే రోజు మాత్రం మల్లెపూవులా ఉండాలి. సైనికుడు చొక్కా ఎత్తమంటాడు, ఎత్తాలి, చుట్టూ తిరగమంటాడు, తిరగాలి, వెనక నలభై బండ్లలో ఆడామగా పిల్లామేకా చూస్తూంటే. మనిషి దగ్గర్నుంచి అన్నీ లాక్కున్నాక, ఇంక అతను తనంతట తాను చూపించుకోగలిగింది ఉతికిన బనీను ఒక్కటే. పెళ్ళయిన కొత్తలో అత్తగారు బీరువాలో ఆ అర చూపించి చెప్పింది, నా కొడుకు ఒంటి మీద బాంబు లేదని గేటు దగ్గరివాడు చూసుకుంటాడు, చిరుగు లేదని నువ్వు చూసుకోవే అమ్మాయ్. చూసుకుంది. ఇన్నేళ్ళూ చూసుకుంది, నీలం మందు వేసి ఉతికింది, ఎండలో ఆరేసింది, మడత పెట్టింది. ఒక్క రోజు తప్ప. ఆ రోజు గేటు దాటే పని లేదు కదా, ఎవరికి తెలుసు.

ఆ రోజుకి ముందు రెండు నెలలు ఇల్లంతా సైనికుల బట్టలే. లమీస్ వచ్చి, పిన్నీ, నాకు నలుగురు సైనికులు కావాలి, నువ్వే కుట్టాలి, అంది. నలుగురు సైనికులు కావాలిట. వీధి చివరికి పోతే ఉచితంగా దొరుకుతారు కదే తల్లీ అని ఇఫ్తిఖార్ అంటే, వాళ్ళు నేను చెప్పినట్టు నటించరు పిన్నీ అంది ఆ పిల్ల. నబ్లూస్ బజారులో పెళ్ళిగౌన్లు కుట్టిన చేతులు ఇఫ్తిఖార్ వి, జరీ అంచులు, పూసల పని. ఆ చేతుల్తో ఆకుపచ్చ మురికి రంగు గుడ్డ కత్తిరించింది, భుజం మీద పట్టీలు కుట్టింది, జేబు ఎక్కడుంటుంది, తూటాల పెట్టె ఎక్కడ తగిలిస్తారు, ఎవర్నీ అడగక్కర్లేకపోయింది, పుట్టినప్పట్నుంచీ ఆ బట్టల్ని అంత దగ్గర్నుంచి చూస్తోంది మరి, తన కడుపున పుట్టిన పిల్లల బట్టలు కూడా అంత బాగా గుర్తులేవు. బయట ఆరేస్తే వీధి వీధంతా గుండె ఆగి చస్తుందని స్నానాలగదిలో తీగ కట్టి ఆరేసింది. పొద్దున్నే దంతధావనానికి వెళ్ళిన ముఫీద్ కి మొహానికి తగిలాయి తడి పంట్లాలు. ఆఖరికి నా స్నానాలగది కూడా ఆక్రమించారు కదరా అని అరిచి, ఇంటిల్లిపాదినీ నవ్వించాడు. బొత్తాలు సరిపోకపోతే బజారుకి పోయి తెచ్చింది అతనే. ఒక చొక్కాకి చెయ్యి పొడుగైందంటే తను తొడుక్కుని నిలబడి కొలత చూపించింది అతనే. అద్దంలో చూసుకుని, థూ అన్నాడు. ఇదంతా అతనికి తెలుసు. ఆ గుడ్డ తెలుసు, ఆ దారం తెలుసు, ఆ బొత్తాలు అతని వేళ్ళతో ఏరినవి.

అయినా అలా జరిగింది. రాళ్ళ క్వారీ వెనక, ఎవరూ పోని పాత రోడ్డు మీద లమీస్ గేటు కట్టించింది, రెండు సిమెంటు దిమ్మెలు, ఒక పసుపు కడ్డీ, ఒక గొడుగు. సినిమా వాళ్ళకి భోజనాలు మోసే పని ముఫీద్ ది. ఆ మధ్యాహ్నం వేడి వేడి ఫలాఫెల్ వడలూ, రొట్టెలూ, ఊరగాయలూ వేసుకుని పాట పాడుకుంటూ మలుపు తిరిగాడు. గేటు దగ్గర నిలబడ్డవాడు ఖుసయ్, పక్కింటి పిల్లాడు, నాటకాలు నేర్చుకుంటున్నాడు, ముఫీద్ భుజాల మీద ఎక్కి ఆడినవాడు. వాడు అప్పటికి పొద్దుట్నుంచీ సైనికుడిగానే నిలబడి ఉన్నాడు, ఎండ నెత్తికెక్కింది, కెమెరా తిరుగుతోంది. బండి చూసి తుపాకీ ఎత్తి, వాళ్ళ భాషలో, వాళ్ళ గొంతుతో ఒక్క కేక పెట్టాడు. అంతే. ముఫీద్ ఇంజను ఆపాడు. తాళం తీసి బండి పైకప్పు మీద పెట్టాడు. దిగాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. చొక్కా రెండు చేతుల్తో ఎత్తి, ఎవరూ చెప్పకముందే చుట్టూ తిరిగాడు. మామూలు రోజు. గేటు బనీను ఇంట్లో బీరువాలో ఉంది. ఒంటి మీద ఉన్నది పాతది, చంక కింద నుంచి పక్కటెముకల దాకా చిరిగింది, అందులోంచి తెల్లటి ఒళ్ళు. కెమెరా పక్కన, నోట్లో గుండుసూదులు పెట్టుకుని నిలబడి ఉంది ఇఫ్తిఖార్. ఎవరూ కదల్లేదు. వాడు, ఆ ఖుసయ్, వాడి మొహం ముందు పాలిపోయింది, బాబాయ్, నేను బాబాయ్, అన్నాడు. ముఫీద్ చొక్కా దించాడు. చుట్టూ చూశాడు, గొడుగు, కెమెరా, లమీస్, పెళ్ళాం. అప్పుడు నవ్వాడు, అందరికంటే గట్టిగా, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎలా చేశాను? మీకెవరికైనా వస్తుందా ఇలా చెయ్యడం? తినండి తినండి, చల్లారిపోతాయి. ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ బనీను ఏం చేశాడో, మళ్ళీ ఉతికే బట్టల్లో కనబడలేదు.

ఆ నవ్వే ఇఫ్తిఖార్ కి ఒళ్ళు మండించింది. ఎత్తినందుకు కాదు, ఎత్తడం ఆమెకి తెలుసు, ఆమె కూడా సంచీ విప్పమనకముందే విప్పుతుంది. నవ్వినందుకు. అలా నవ్వి నవ్వే కదా ఇన్నేళ్ళూ ఇంటికొచ్చాడు, ఏమైందని అడిగితే ఏం కాలేదే అంటూ, వరసలో నిలబెట్టినా, మోకాళ్ళ మీద కూర్చోబెట్టినా, ఒకసారి బూటు తుడిపించుకున్నా, ఏం కాలేదే. ఆ బూటు సంగతి జుహ్దీ భార్య చెప్తే తెలిసింది. కాబట్టి లమీస్ రమల్లాలో చీకటి గదిలో కూర్చోబెట్టి ఆ ముక్క చూపించి, పిన్నీ, ఇది లేకపోతే నా సినిమా లేదు, అన్నప్పుడు ఇఫ్తిఖార్ వెంటనే కాదనలేదు. తెర మీద మూడుసార్లు తిప్పి చూపించింది. లమీస్ కి తన బాధలు తనకున్నాయి, డబ్బులిచ్చే దొరలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నారట, ఇందులో కూల్చిన ఇల్లేదీ, ఏడ్చే తల్లేదీ, రక్తమేదీ అని. ఉత్త మనుషులు వరసలో నిలబడితే సినిమా ఎలా అవుతుందని. వాళ్ళకి మన చావు కావాలి పిన్నీ, మన మామూలు మంగళవారం అక్కర్లేదు, అంది. వాళ్ళు చూసి లేచి నిలబడి చప్పట్లు కొట్టి భోజనానికి పోతారు, పోనీ, నాకు బాబాయి ఆ చొక్కా ఎత్తడం చాలు, అందులో అన్నీ ఉన్నాయి. బాబాయిని ఒప్పిస్తావా? ఇఫ్తిఖార్ తెర వంకే చూస్తోంది. అక్కడ తన మొగుడు, అబద్ధం ఆడని ముఫీద్, ఏం కాలేదే అనని ముఫీద్. చూడనీ, లోకం చూడనీ, జుహ్దీ చూడనీ, ఇతను తనని తనే చూసుకోనీ అనిపించింది, కోపంలో అనిపించింది, ఆ కోపం ఎవరి మీదో పోవాల్సింది ఇతని మీదికి మళ్ళింది. ఒప్పుకున్నాడే, నేను అడిగాను, అంది. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం నోట్లోంచి. ఇంటికి తిరిగొచ్చే దారిలో ఇదే గేటు దగ్గర సంచీ విప్పి చూపిస్తూంటే గుర్తొచ్చింది, ఆ చిరుగు.

ఇప్పుడు చెప్పేస్తే? ఇప్పుడే, ఈ బండిలో, గేటుకి ఇవతల ఉండగానే. అబూ రమ్జీ, రమ్జీ నాన్నా, బండి తిప్పు, నీ సీను తీసేశారు, ఆ రోజుది పెట్టారు, నేనే పెట్టమన్నాను. హజ్జా వింటుంది, విననీ. మందులషాపాయన వింటాడు, విననీ. పెదవులు తడుపుకుంది.

"అబూ రమ్జీ."

"ఊఁ."

"ఆ సినిమాలో..."

అద్దం మీద టకటక. కాఫీ అమ్మేవాడు, ఇత్తడి కూజాతో, బండ్ల మధ్య తిరుగుతూ. గేటు మూసిన రోజే వాడికి పండగ. ముఫీద్ నాలుగు చిన్న కప్పులు తీసుకుని రెండు వెనక్కి అందించాడు, యాలకుల వాసన బండి నిండా కమ్ముకుంది. "తాగు హజ్జా, తాగండి డాక్టరుగారూ, ఇవాళ నాది. ఇవాళ నేను హీరోని." తర్వాత ఇఫ్తిఖార్ వైపు తిరిగాడు. "ఏంటీ, సినిమాలో?"

"ఏం లేదు. బట్టలు బాగా కనబడతాయో లేదోనని."

ఏం లేదు. తను కూడా నేర్చుకుందన్నమాట. కాఫీ చేదుగా గొంతులోకి దిగింది.

అప్పుడే వరస వెంట నడుచుకుంటూ వచ్చాడు వాడు, మూతి మీద మీసం ఇంకా సరిగ్గా రానివాడు, నల్లకళ్ళద్దాలు. అసలువాడు. చొక్కా భుజం దగ్గర కుట్టు వంకరగా ఉంది, నేనైతే ఇంతకంటే బాగా కుట్టాను అనుకుంది ఇఫ్తిఖార్, అలా అనుకున్నందుకు తన నాలుక తనే కొరుక్కుంది. వాడు ఈ బండి ముందు ఆగి, ముఫీద్ వైపు వేలితో, దిగు అన్నాడు. ముఫీద్ ఇంజను ఆపాడు. తాళం తీసి బండి పైకప్పు మీద పెట్టాడు. దిగాడు, నాలుగడుగులు వేశాడు. లేతనీలం చొక్కా నలగకుండా, అంచులు రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తాడు. లోపల బనీను తెల్లగా, కళ్ళు చెదిరేంత తెల్లగా. చుట్టూ తిరిగాడు. ఆ తిరగడంలో ఒక క్షణం అతని మొహం ఆమె వైపుకి వచ్చింది, చూపు ఆమె మీద ఆగలేదు, అవతలి కొండ మీదికి పోయింది, అక్కడ ఆలివ్ చెట్లు తప్ప ఏమీ లేవు. సైనికుడు చూడటం లేదు. ఫోనులో ఏదో చూసుకుంటూ నవ్వుకుంటున్నాడు. చూడరా, తొంగి చూడరా నీ మొహం మండ, నేను ఉతికాను దాన్ని, అని అరవాలనిపించింది. వాడు ఫోను జేబులో పెట్టుకుని, చేత్తో ఈగని తోలినట్టు అన్నాడు, వెనక్కి. అందరూ వెనక్కి. ఇవాళ్టికి అయిపోయింది.

గేటు ఇవాళ ఇక తెరవరు. ఎందుకు, ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పేవాడెవడు. పెళ్ళికి పోయే ఆడవాళ్ళ కారులోంచి ఒకావిడ ఏడుపు. లారీవాడు నేల మీద ఉమ్మాడు. హజ్జా జపమాల జేబులో పెట్టేసింది. ఇఫ్తిఖార్ కి మాత్రం గుండెల మీంచి బండరాయి దొర్లిపోయింది, ఊపిరి నిండుగా వచ్చింది, హమ్మయ్య, హమ్మయ్య అనుకుంది, ఆ పిల్లసైనికుడి వీపు వంక చూస్తూ, నీ పుణ్యమాని గండం గడిచింది నాయనా అనుకుంది. అనుకున్నాక తెలిసింది ఎవడికి దండం పెట్టిందో. తండ్రి మట్టికి కూడా ఆమెని పోనివ్వని గేటుకి. ఇంతకంటే దిగజారడానికి ఇంకేమైనా మిగిలిందా అంటే ఏమీ మిగల్లేదు.

ముఫీద్ పైకప్పు మీది తాళం తీసుకుని వచ్చి కూర్చున్నాడు. చొక్కా లోపలికి దోపుకుంటున్నాడు. "ఎంతమందిని దాటించాను నేను ఈ గేటు. పెళ్ళికూతుళ్ళని దాటించాను, పరీక్షలకి పోయే పిల్లల్ని దాటించాను. ఒక్క రోజు నా కోసం నేను దాటదామంటే..." అని ఆగిపోయాడు. ముందు బండి కదిలితే గానీ వెనక్కి తిప్పుకోవడానికి చోటు లేదు, ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్నాయి, పొద్దు కొండ వెనక్కి దిగిపోతోంది. హజ్జా వెనక నుంచి చెయ్యి చాపింది. "ఇంకెందుకమ్మా దాచడం, విప్పు ఆ పళ్ళెం." విప్పింది. వేళ్ళతోనే తీసుకున్నారు నలుగురూ. జున్ను రబ్బరులా సాగింది, పాకం గడ్డకట్టింది. "రాయే మేలన్నాను కదా," అంది హజ్జా నములుతూ. ఈసారి ఎవరూ నవ్వలేదు. మందులషాపాయన వేళ్ళు నాకి, అయినా తియ్యగానే ఉంది తల్లీ అన్నాడు మొహమాటానికి.

ఫోను మోగింది. జుహ్దీ. ముఫీద్ వేళ్ళకి పాకం, అందుకని చెవికి పెట్టుకోకుండా మీట నొక్కి ముందు బల్ల మీద పెట్టాడు. బండంతా వినబడింది, వెనక జనం గోల, ఎవరో ముక్కు చీదుతున్న చప్పుడు.

"ఒరే ముఫీద్! ఎక్కడ చచ్చావురా? అయిపోయింది సినిమా!"

"గేటు మూసేశారు. చెప్పరా, నన్ను చూశారా? ఈలలు వేశారా?"

జుహ్దీ గొంతు తగ్గించాడు.

"వేశాంరా. నువ్వు కనబడగానే వేశాం. తర్వాత... చొక్కా ఎత్తావు కదా. మొదట నవ్వారు జనం. మేమూ నవ్వాం. తర్వాత ఎవరూ నవ్వలేదు. చివరికి హాలు హాలంతా లేచి నిలబడిందిరా. బయట చాలామంది ఏడుస్తున్నారు. ముఫీద్? ఒరే, వింటున్నావా?"

ముఫీద్ పాకం అంటిన వేలితో మీట నొక్కి ఆపేశాడు. అద్దం అవతల లారీ కొంచెం కదిలింది, ఎర్రదీపాలు వెలిగి ఆరాయి. ఇఫ్తిఖార్ ఎదురుచూసింది. ఎందుకు ఒప్పుకున్నావని అడుగుతాడు. నువ్వేనా చెప్పిందని అడుగుతాడు. తిట్టినా బాగుండు, బండి దిగి నడువు అన్నా బాగుండు, చేతులు ఒళ్లో పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది. ఏం కాలేదే అంటాడేమోనని మరీ భయపడింది. అతను ఏదో లెక్క చూసుకుంటున్నవాడిలా ఒక్కో వేలికీ అంటిన పాకం తుడుచుకున్నాడు.

"ఆ రోజు గేటు పని లేదు కదూ," అన్నాడు మెల్లిగా. "పాత బనీను."

"ఊఁ."

"చిరుగుది."

ఆమె తలూపింది. ముఫీద్ వెనక అద్దంలో చూసి, గేరు మార్చి, బండిని వెనక్కి తియ్యడం మొదలుపెట్టాడు.

"వాళ్ళ బట్టలన్నీ కుట్టావు కదే," అన్నాడు. "అదొక్కటీ కుట్టి ఉండాల్సింది."